బిరడాను తన్నేసిన నూనె: యంత్రాల్లో ఘర్షణ ఎలా తగ్గుతుంది

1880ల మొదట్లో బ్రిటన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ బేరింగుల్లో ఘర్షణ సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేసి, ప్రయోగాల పనిని బీచమ్ టవర్ అనే ఇంజనీరుకు అప్పగించింది. అప్పటి రైలు పెట్టెల ఇరుసు దగ్గర ఉండే అమరికనే ఆయన ప్రయోగానికి ఎంచుకున్నాడు. నాలుగు అంగుళాల మందమున్న ఇరుసు తిరుగుతూ ఉంటుంది. దాని పైభాగాన్ని ఇత్తడి బేరింగ్ కమ్ముకుని ఉంటుంది. బరువంతా ఆ ఇత్తడి ముక్క మీదుగానే ఇరుసు మీద పడుతుంది. ఇరుసు అడుగు భాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది కాబట్టి తిరిగేటప్పుడు కావలసిన నూనెను అదే పైకి తెచ్చుకుంటుంది.

ఘర్షణ ఊహించినదానికన్నా చాలా తక్కువగా వచ్చింది. టన్ను బరువు మోస్తున్న ఇరుసు తిరగకుండా అడ్డుపడే బలం కిలో, కిలోన్నర దగ్గరే ఉంది. అసలు సంగతి మాత్రం ఆ తర్వాత బయటపడింది. మామూలు బేరింగులకు ఉన్నట్టే నూనె పోయడానికి ఇత్తడి ముక్క నడినెత్తిన ఒక రంధ్రం వేశారు. యంత్రం తిప్పగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి ఉబికి కారడం మొదలైంది. గది పాడవుతోందని రంధ్రానికి బిరడా బిగించారు. అది ఊడి వచ్చింది. చెక్క మేకు కొట్టారు. అదీ మెల్లగా పైకి జరుగుతూ బయటికి వచ్చేసింది. ఇక పీడనం కొలిచే మీటరు తెచ్చి బిగిస్తే, చదరపు అంగుళానికి 200 పౌండ్ల దాకా చూపగలిగే ఆ మీటరు ముల్లు చివరికంటా వెళ్లిపోయింది. బేరింగ్ మీద ఉన్న బరువును వైశాల్యంతో భాగిస్తే వచ్చే సగటు 100 పౌండ్లే. కారు టైరులో ఉండే గాలి పీడనం 30 చిల్లర అని గుర్తుంటే ఈ అంకెల తీవ్రత తెలుస్తుంది.

ఈ ప్రయోగంతో రెండు విషయాలు తేలాయి. ఇరుసుకీ ఇత్తడికీ మధ్య నూనె ఊరికే తడిగా అంటుకుని లేదు. మొత్తం బరువును అదే మోస్తోంది, లోహం లోహాన్ని తాకడమే లేదు. రెండోది కాస్త నవ్వొచ్చే సంగతి. ఇంజనీర్లు అన్నేళ్లుగా నూనె పోయడానికి రంధ్రం వేస్తున్న చోటే పీడనం బాగా ఎక్కువగా ఉండే చోటు. అక్కడ రంధ్రం పెడితే నూనె లోపలికి వెళ్లదు సరికదా, లోపల ఉన్నది కూడా బయటికి దారి చూసుకుంటుంది.

నూనె రాస్తే ఎందుకు తేలిగ్గా జారుతుందని అడిగితే ఎక్కువమంది ఇచ్చే జవాబు, నూనెకు జారుడు గుణం ఉందని. టవర్ మీటరు చూపింది ఆ జవాబుకు అందేది కాదు. జారుడు గుణం దానంతటది చదరపు అంగుళానికి 200 పౌండ్ల పీడనాన్ని పుట్టించలేదు.

నూనె లేనప్పుడు ఏం జరుగుతుందో ముందు చూడాలి. అద్దంలా మెరిసే ఉక్కు ముఖాన్ని కూడా సూక్ష్మదర్శిని కింద పెడితే గుట్టలూ గోతులూ కనిపిస్తాయి. అలాంటి రెండు ముఖాలను ఒకదాని మీద ఒకటి పెడితే గుట్టల కొనలే తగులుతాయి. కేంబ్రిడ్జిలో పనిచేసిన బౌడెన్, టేబర్ 20వ శతాబ్దం నడుమ దీన్ని గట్టిగా నిరూపించారు. నిజంగా తగులుతున్న వైశాల్యం, కంటికి తగులుతున్నట్టు కనిపించే దానిలో వేలవంతుల్లో ఒకటే ఉండొచ్చు. బరువంతా ఆ కొనల మీదే పడుతుంది కాబట్టి అక్కడ లోహం నలిగిపోయి, ఎదుటి లోహంతో అతుక్కుంటుంది. జరపాలంటే ఆ అతుకులను తెంపాలి. ఘర్షణలో ఎక్కువ భాగం ఇదే. తెగేటప్పుడు ఒక్కోసారి అతుకు దగ్గర కాకుండా మెత్తటి లోహంలోపలే తెగుతుంది, ఆ తునక ఎదుటిదానికి అంటుకుని పోతుంది. అరుగుదల అలా మొదలవుతుంది. బరువు రెట్టింపైతే ఘర్షణ రెట్టింపవుతుందని, కనిపించే వైశాల్యంతో దానికి సంబంధం లేదని ఫ్రాన్స్‌లో అమోంటాన్ 1699లోనే చెప్పాడు. కారణం తేలడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. బరువు పెరిగితే నలిగే కొనలు పెరుగుతాయి, అంతే.

కాబట్టి ఘర్షణ తగ్గాలంటే దారులు రెండే. కొనలు ఒకదాన్నొకటి తాకకుండా రెండు ముఖాలనూ విడదీయాలి. లేదా తాకినా అతుక్కోకుండా వాటికి పూత పెట్టాలి. కందెన శాస్త్రమంతా ఈ రెంటి మధ్యే తిరుగుతుంది. మొదటిది భౌతికశాస్త్రం పని, రెండోది రసాయనశాస్త్రం పని. ఏ యంత్రానికి ఎప్పుడు ఏది కావాలో తెలియకపోవడం వల్లే ‘చిక్కటి నూనె అయితే మంచిది’, ‘గ్రీజు ఎంత పెడితే అంత మంచిది’ లాంటి నమ్మకాలు వర్క్‌షాపుల్లో ఇప్పటికీ చెలామణి అవుతున్నాయి.

టవర్ మీటరు చూపిన పీడనానికి లెక్క కట్టినవాడు మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కాలేజీ ప్రొఫెసర్ ఆస్‌బర్న్ రేనాల్డ్స్. 1886లో ఆయన ఇచ్చిన వివరణ ఇది. ఇరుసు బేరింగ్‌కి సరిగ్గా నడిమధ్యన తిరగదు, కాస్త పక్కకు జరిగి తిరుగుతుంది. అందువల్ల రెంటి మధ్య సందు అంతటా ఒకేలా ఉండదు. ఒకవైపు వెడల్పుగా మొదలై క్రమంగా ఇరుకవుతుంది. నూనె ఇరుసుకు అంటుకుని ఉంటుంది కాబట్టి తిరిగే ఇరుసు దాన్ని వెడల్పు వైపునుంచి ఇరుకు వైపుకు ఈడ్చుకుపోతుంది. జాతరలో వెడల్పాటి దారిన వస్తున్న జనం సన్నటి గేటు దగ్గరికి వచ్చేసరికి తోపులాట ఎలా పుడుతుందో, ఈ ఇరుకు సందులో పీడనం అలాగే పుడుతుంది. నూనె నలగదు, వెనక్కి పోదామంటే వెనకనుంచి ఇంకా వస్తూనే ఉంటుంది. ఆ పీడనమే ఇరుసునూ బేరింగునూ విడదీసి పట్టుకుంటుంది.

దీనికి మూడు కావాలి. ఇరుకయ్యే సందు, కదలిక, చిక్కదనం ఉన్న ద్రవం. మూడింట్లో ఏది లేకపోయినా పొర నిలవదు. ద్రవం నూనే కానక్కర్లేదు, నీళ్లయినా చాలు. వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లే కారు ఒక్కసారిగా స్టీరింగ్ మాట వినకపోవడానికి కారణం ఇలాంటిదే. అరిగిన టైరుకీ రోడ్డుకీ మధ్య నీళ్లు చేరి, టైరు ముందున్న ఇరుకు సందులో పీడనం పుట్టి, టైరును రోడ్డు మీదనుంచి పైకి లేపేస్తాయి. బేరింగులో వరమైనది రోడ్డు మీద ప్రాణాంతకం. టైరుకు గాడులు పెట్టేది ఆ నీటికి పక్కకు పోయే దారి ఇచ్చి పొర ఏర్పడకుండా చేయడానికే.

నూనె పొర మందం ఎంత? మామూలు బేరింగుల్లో కొన్ని మైక్రాన్లనుంచి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కొన్ని పదుల మైక్రాన్ల దాకా. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే టన్నుల బరువు వెంట్రుక మందం కూడా లేని ద్రవం మీద నిలబడి తిరుగుతోందన్నమాట. నూనెలో ఇసుక రేణువు పడితే బేరింగ్ ఎందుకు పాడవుతుందో, ఆయిల్ ఫిల్టరు ఎందుకు అంత ముఖ్యమో ఈ అంకెతోనే తెలిసిపోతుంది. రేణువు పొరకన్నా లావుగా ఉంటే పొర ఉన్నా లేనట్టే.

కదలిక నుంచే పీడనం పుడుతుందంటే, కదలిక లేనప్పుడు పొరే ఉండదు. ఎక్కువ యంత్రాల కష్టాలు ఇక్కడే. తిరుగుతున్నంతసేపూ హాయిగా ఉండే బేరింగు, ఆపేటప్పుడూ మొదలుపెట్టేటప్పుడూ అరిగిపోతుంది. జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో ప్రచురించిన కొలతలు ఈ సంగతినే గీతగా చూపించాయి. వేగం సున్నా దగ్గర ఘర్షణ ఎక్కువ. వేగం పెరిగే కొద్దీ పొర కొంచెం కొంచెంగా ఏర్పడుతూ ఘర్షణ బాగా పడిపోతుంది. ఒక చోట అట్టడుగుకు చేరి, అక్కడినుంచి మళ్లీ మెల్లగా పెరుగుతుంది. ఎందుకంటే పొర పూర్తిగా ఏర్పడ్డాక మిగిలేది నూనెను నూనె మీద జరపడానికి పట్టే బలమే. వేగం పెరిగినా, నూనె చిక్కగా ఉన్నా అది పెరుగుతుంది. గీతలో వేగం ఒక్కటే కాదు, చిక్కదనం, బరువు కూడా పాల్గొంటాయి. వేగాన్ని చిక్కదనంతో గుణించి బరువుతో భాగించగా వచ్చే విలువను బట్టే ఒక యంత్రం ఆ గీత మీద ఎక్కడుందో తెలుస్తుంది.

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని సామెత. ఆ సంగీతానికి కారణం కూడా ఘర్షణ తీరే. కదలని ముఖాల మధ్య ఘర్షణ, కదులుతున్న ముఖాల మధ్య ఘర్షణకన్నా ఎక్కువ. దాంతో ఇరుసు ఒక క్షణం పట్టేస్తుంది, మరుక్షణం జారుతుంది, మళ్లీ పట్టేస్తుంది. సెకనుకు వందలసార్లు ఇలా జరిగితే కిర్రుమనే చప్పుడు పుడుతుంది. వయొలిన్ కమానుకు రజనం రాసేది ఇదే జరగాలని. బండి ఇరుసుకు ఆముదం పూసేది జరగకూడదని.

ఎద్దులబండిని స్ట్రైబెక్ గీత మీద పెడితే అది ఎడమ చివరన కూర్చుంటుంది. చక్రం నిమిషానికి కొన్ని చుట్లే తిరుగుతుంది, బరువు చాలా ఎక్కువ. రేనాల్డ్స్ చెప్పిన పొర అక్కడ సరిగ్గా ఏర్పడదు. అయినా కందెన పని చేస్తుంది. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసే ఆ పాత కందెనలో రెండు తెలివైన విషయాలున్నాయి. మసి నూనెను చిక్కబరిచి కారిపోకుండా నిలుపుతుంది, అంటే ఇప్పటి గ్రీజు చేసే పనే. ఇక ఆముదానిది రసాయనం. దాని కొవ్వు ఆమ్లాల్లో సుమారు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. కొవ్వు ఆమ్లం అణువు పొడవుగా ఉంటుంది, ఒక కొన లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, మిగతా తోక బయటికి నిలబడుతుంది. కోటానుకోట్ల అణువులు పక్కపక్కనే ఇలా నిలబడితే లోహం మీద ఒకటి రెండు అణువుల మందాన ఒక తొడుగు తయారవుతుంది. బరువుకు నూనె అంతా పక్కకు పోయినా ఆ తొడుగు పోదు. లోహపు కొనలు తగిలేటప్పుడు తోకలు తోకల మీద జారతాయి, అతుకు పడదు.

బ్రిటన్‌లో విలియం హార్డీ, ఐడా డబుల్‌డే 1920ల్లో దీన్ని పద్ధతిగా కొలిచారు. అణువు తోక పొడవయ్యే కొద్దీ ఘర్షణ తగ్గుతుందని చూపించారు. ద్రవం చిక్కదనానికి ఇందులో ప్రమేయం లేదు. ఒకే చిక్కదనం ఉన్న రెండు నూనెలు, ఒకటి మొక్కలది, ఒకటి పెట్రోలియంది, నెమ్మదిగా కదిలే బేరింగులో వేరువేరుగా ప్రవర్తిస్తాయని పనివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మొక్కల నూనెలో కొవ్వు ఆమ్లాలుండటమే దానికి కారణం. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమాన ఇంజిన్లు చాలావరకు ఆముదంతో నడవడానికి ఈ గుణం ఒక కారణమైతే, ఆముదం పెట్రోలులో తేలిగ్గా కరగకపోవడం మరో కారణం. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1909లో తన కంపెనీ నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టింది కూడా అందులో కలిపిన ఆముదం వల్లనే. ఆముదానికున్న లోపం వేడి దగ్గర బయటపడుతుంది. గాలితో కలిసి చిక్కబడి జిగురై, ఇంజిన్ లోపల వార్నిష్‌లా పేరుకుంటుంది. అందుకే అది క్రమంగా ఇంజిన్లనుంచి తప్పుకుంది. దాని గుణాన్ని మాత్రం ఖనిజ నూనెలో చిటికెడు కొవ్వు ఆమ్లం కలిపి తెచ్చుకున్నారు.

రైలు పెట్టె ఇరుసు అడ్డంగా ఉంటుంది, బరువు దాని పక్కమీద పడుతుంది. ఇరుసు నిలువుగా నిలబడితే, దాని మొత్తం బరువు కింద ఒక పళ్లెం మీద ఆనితే? జలవిద్యుత్ కేంద్రాల్లో జనరేటరు ఇలాగే ఉంటుంది. తిరిగే భాగాల బరువు, టర్బైన్ మీద నీటి తోపుడు కలిపి వందల టన్నులు. కింద ఆనే ముఖం, పైన తిరిగే ముఖం రెండూ చదునైనవి, సమాంతరమైనవి. ఇరుకయ్యే సందు ఎక్కడిది? పొర పుట్టదు. 19వ శతాబ్దపు ఆవిరి ఓడల్లో ప్రొపెల్లర్ తోపుడును ఆపడానికి షాఫ్టు మీద వరసగా చాలా కాలర్లు (చుట్టూ పొడుచుకొచ్చిన పళ్లేల్లాంటి అంచులు) పెట్టి బరువును పంచాల్సి వచ్చింది. అప్పటికీ అవి వేడెక్కేవి.

దీనికి పరిష్కారం ఇద్దరికి, భూమికి చెరో కొసన, విడివిడిగా తట్టింది. ఆస్ట్రేలియాలో ఏ.జి.ఎం. మిచెల్ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో ఆల్బర్ట్ కింగ్స్‌బరీ అంతకు ముందే ప్రయోగాలు చేసినా పేటెంట్ చేతికొచ్చేసరికి 1910 అయింది. ఇద్దరూ రేనాల్డ్స్ వ్యాసాన్ని చదివినవాళ్లే. ఆనే పళ్లేన్ని ఒకే ముక్కగా కాకుండా చీలికలు చీలికలుగా చేశారు. ప్రతి చీలికనూ కింద ఒక బిందువు మీద నిలబెట్టి, అటూ ఇటూ ఒరిగే స్వేచ్ఛ ఇచ్చారు. తిరిగే ముఖం నూనెను ఈడ్చుకు రాగానే ఆ పీడనానికి చీలిక తనంతట తనే కాస్త ఒరుగుతుంది, ముందువైపు సందు పెరిగి వెనకవైపు తగ్గుతుంది. కావలసిన ఏటవాలు దొరికింది. వేగం మారినా, బరువు మారినా, నూనె వేడెక్కినా ఆ ఏటవాలు తనంతట తనే సరిపెట్టుకుంటుంది. చీలిక పొడవు అడుగు పైన ఉన్నా రెండు కొసల మధ్య ఎత్తు తేడా మైక్రాన్లలోనే ఉంటుంది, ఏ మేస్త్రీ అంత కచ్చితంగా చెక్కలేడు. చెక్కవలసిన అవసరమే లేకుండా చేయడం ఇందులోని గొప్పతనం.

పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద ఉన్న హోల్ట్‌వుడ్ కేంద్రంలో 1912లో కింగ్స్‌బరీ బేరింగ్ బిగించారు. అడ్డకొలత 48 అంగుళాలు, మోయవలసిన బరువు సుమారు 180 టన్నులు. అంతకు ముందు అక్కడ వాడిన రోలర్ బేరింగులు నెలల్లోనే పాడయ్యేవి. కొత్త బేరింగ్ దశాబ్దాల తరబడి నడిచింది, విప్పి చూసినప్పుడు అరుగుదల దాదాపు కనిపించలేదు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం దాన్ని చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

ఇప్పుడు పెద్ద జలవిద్యుత్ యూనిట్లన్నీ ఈ ఊహ మీదే నిలబడి ఉన్నాయి. తెలుగు నేల మీద దీనికి ఒక చిక్కు కూడా తోడైంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. అవి పగలు టర్బైన్లుగా తిరిగి కరెంటు ఇస్తాయి, కరెంటు మిగిలినప్పుడు ఎదురు దిశలో తిరిగి నీటిని వెనక్కి తోడగలవు. నాగార్జునసాగర్‌లోనూ ఇలాంటి యూనిట్లున్నాయి. ఒకే దిశలో తిరిగే యంత్రానికైతే చీలిక కింది ఆధారాన్ని నడిమధ్యన కాకుండా కాస్త వెనక్కి, పొడవులో 60 శాతం దగ్గర పెడతారు. పీడనం కేంద్రీకృతమయ్యేది అక్కడే. రెండు దిశల్లో తిరిగే యంత్రంలో ఒక దిశకు వెనక అయినది మరో దిశకు ముందు అవుతుంది కాబట్టి ఆధారం నడిమధ్యన పెట్టక తప్పదు. రేనాల్డ్స్ లెక్కను అక్షరాలా పాటిస్తే నడిమధ్యన ఆధారమున్న చదును చీలిక ఒరగనే కూడదు, బరువేమీ మోయకూడదు. నిజంలో మోస్తుంది. నూనె సందులో ముందుకు పోయే కొద్దీ వేడెక్కి పలచబడుతుంది. చీలిక పైముఖం వేడికి వ్యాకోచించి, కింద చల్లగా ఉండి, మధ్యలో లేశమంత ఉబుకుతుంది. ఆ ఉబుకు వల్ల ఇరుకయ్యే సందు దొరుకుతుంది. లెక్కలోకి తీసుకోని రెండు ‘దోషాలు’ యంత్రాన్ని నిలబెడుతున్నాయన్నమాట. కాకపోతే మోసే శక్తిలో కొంత వదులుకోవాలి.

ఇలాంటి యూనిట్‌ను ఆపడం, మొదలుపెట్టడం ఎప్పుడూ జాగ్రత్తగా చేసే పని. వేగం తగ్గుతూ వచ్చి పొర తెగే స్థితికి చేరేలోగా బ్రేకులు వేసి త్వరగా ఆపేస్తారు. నెమ్మదిగా చాలాసేపు తిరగనివ్వడం మంచిది కాదు. మొదలుపెట్టే ముందు, చాలా చోట్ల, పంపుతో నూనెను చీలికల మధ్యకు అధిక పీడనంతో ఎక్కించి రోటరును, అంటే తిరిగే భాగాన్ని, లేశమంత పైకి లేపుతారు. కదలిక పుట్టించాల్సిన పీడనాన్ని కదలిక లేనప్పుడు పంపు అప్పుగా ఇస్తుంది. చీలికల ముఖానికి తగరం ఎక్కువగా ఉండే మెత్తటి తెల్ల లోహం పూత ఉంటుంది. ఎప్పుడైనా నలక చొరబడితే షాఫ్టును గీయకుండా ఈ మెత్తదనంలో దిగబడిపోతుంది. పొర తెగిన రోజున కరిగి నాశనమయ్యేదీ ఈ పూతే, ఖరీదైన షాఫ్టు కాదు.

గేర్లు, బాల్ బేరింగులు ఇంకో లోకం. అక్కడ తగిలే చోటు చాలా చిన్నది, పీడనం వాతావరణ పీడనానికి పదివేల రెట్లు కూడా దాటుతుంది. 1916లో గేరు పళ్లకు రేనాల్డ్స్ లెక్క వేస్తే పొర ఎంత పలచగా వచ్చిందంటే, లోహపు గుట్టలకన్నా తక్కువ. కానీ గేర్లు ఏళ్ల తరబడి అరగకుండా పనిచేస్తున్నాయి. లెక్కకు అందనిదేమిటో రష్యాలోనూ, తర్వాత బ్రిటన్‌లో డౌసన్, హిగిన్‌సన్ చేతుల్లోనూ తేలింది. అంతటి ఒత్తిడికి నూనె చిక్కదనం లక్షల రెట్లు పెరిగి దాదాపు గట్టి పదార్థంలా మారుతుంది, ఉక్కు కూడా ఆ చోట కొద్దిగా సొట్టపడి చదునవుతుంది. రెండూ కలిసి మైక్రానులో కొంత భాగమంత పొరను నిలుపుతాయి. నూనె ఆ చోటు దాటి బయటికి రాగానే మళ్లీ మామూలు ద్రవమే.

పూర్తి నూనె పొర, అణువుల తొడుగు, ఒత్తిడికి గట్టిపడిన పొర, ఈ మూడు స్థితులూ ఒకే మోటార్‌బైక్ ఇంజిన్‌లో దొరుకుతాయి. పిస్టన్ రింగు ఒక్క స్ట్రోకులోనే రెంటిని చూస్తుంది. సిలిండరు మధ్యలో వేగంగా పోతుంది, నూనె పొర మీద తేలుతుంది. పైకొసనా కిందికొసనా ఒక క్షణం ఆగి వెనుదిరుగుతుంది, ఆ క్షణం పొర ఉండదు. సిలిండర్లు ఎక్కువగా పైకొస దగ్గర అరగడానికి ఇదొక ముఖ్య కారణం. వాల్వులను తెరిచే క్యామ్ దగ్గర, గేరు పళ్ల మధ్య మూడో రకం. వీటన్నిటికీ ఒకటే నూనె.

డబ్బా మీద రాసి ఉండే 10డబ్ల్యూ-30 లాంటి అంకెలు చిక్కదనం గురించి మాత్రమే చెబుతాయి. డబ్ల్యూ అంటే చలికాలం, దాని ముందు అంకె చలిలో ఇంజిన్ మొదలయ్యేటప్పుడు నూనె ఎంత కదులుతుందో చెబుతుంది. వెనక అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరి చిక్కదనానికి గుర్తు. వేడికి నూనె ఎంతగా పలచబడుతుందంటే, ఇలాంటి నూనె 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీల దగ్గర ఆరేడో వంతే మిగులుతుంది. మన ఎండలకు చిక్కటి నూనె పోయాలని చాలామంది మెకానిక్‌లు అంటారు. ఇంజిన్ లోపలి వేడిని ఎక్కువగా థర్మోస్టాట్, దహనం నిర్ణయిస్తాయి, రామగుండం ఎండ కలిపేది తక్కువే. అవసరానికి మించి చిక్కటి నూనె పోస్తే యంత్రం స్ట్రైబెక్ గీత మీద కుడివైపు జరుగుతుంది. నూనెను నూనె మీద జరపడానికే పెట్రోలు ఖర్చవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి నూనె పైనున్న క్యామ్‌షాఫ్టుకు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, అరుగుదల ఎక్కువయ్యే సమయమే అది. కంపెనీ మాన్యువల్‌లో రాసిన గ్రేడును మార్చడానికి ఎండ ఒక్కటే సరిపోయే కారణం కాదు.

ఇంకో పొరపాటు చవకగా దొరికిందని కారు నూనెను గేరు బైకులో పోయడం. కారులో ఇంజిన్ నూనెకు క్లచ్‌తో పని లేదు. చాలా బైకుల్లో మాత్రం క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి, అవి పనిచేసేదే ఘర్షణ మీద. పెట్రోలు ఆదా కోసం కారు నూనెల్లో ఘర్షణ తగ్గించే మందులు కలుపుతారు. అవి క్లచ్ ప్లేట్లకు అంటుకుంటే ఎక్సలరేటర్ తిప్పినా బండి లాగదు, క్లచ్ జారుతుంది. జపాన్ ప్రమాణంలో జాసో ఎంఏ అని గుర్తు ఉన్న నూనె, ఘర్షణను ఒక స్థాయి కిందికి తగ్గనివ్వనని హామీ ఇచ్చే నూనె. ఎంబీ గుర్తు ఉన్నది క్లచ్ నూనెలో ఉండని గేర్లు లేని స్కూటర్లకు సరిపోతుంది. జారుడు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకునేవాళ్లకు ఈ రెండక్షరాల తేడా వింతగా తోస్తుంది.

గ్రీజు విషయమూ అంతే. గ్రీజంటే సబ్బులాంటి పదార్థపు సన్నటి పోగుల్లో పట్టి ఉంచిన నూనె, అది కొంచెం కొంచెంగా ఊరుతూ బేరింగ్‌ను తడుపుతుంది. వేగంగా తిరిగే మోటారు బాల్ బేరింగులో ఖాళీ స్థలంలో మూడో వంతునుంచి సగం దాకా నింపితే చాలు. పూర్తిగా కుక్కితే బంతులు ఆ గ్రీజును చిలుకుతూ ఉంటాయి, బేరింగ్ వేడెక్కుతుంది, పోగుల్లోని నూనె కారిపోతుంది. ‘గ్రీజు పెట్టాక కూడా కాలిపోయింది’ అని వినిపించే మోటార్లలో కొన్ని గ్రీజు పెట్టినందువల్లే కాలిపోయినవి.

ఫిన్లాండ్‌కు చెందిన హోల్మ్‌బర్గ్, అమెరికాలో పనిచేసిన ఎర్డెమిర్ 2017లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచం వాడే మొత్తం శక్తిలో సుమారు 23 శాతం ఇలాంటి రాపిడి చోట్లే ఖర్చవుతోంది. ఆ 23లో 20 ఘర్షణను దాటడానికి, 3 అరిగిన భాగాలను మళ్లీ తయారుచేయడానికి. 1966లో బ్రిటన్‌లో పీటర్ జాస్ట్ కమిటీ కందెనలు సరిగ్గా వాడితే ఆ దేశానికి ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని లెక్క చెప్పినప్పుడు కొందరు అతిశయోక్తి అనుకున్నారు. ట్రైబాలజీ అనే పేరుతో ఈ శాస్త్రం యూనివర్సిటీల్లోకి వచ్చింది ఆ నివేదికతోనే.

పెట్రోలు ఆదా ఒత్తిడికి కార్ల కంపెనీలు కొన్నేళ్లుగా నూనెను పలచన చేస్తూ పోతున్నాయి. ఒకప్పుడు 20డబ్ల్యూ-40 మామూలైతే, ఇప్పుడు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-8 దాకా వచ్చారు. పలచటి నూనెతో పూర్తి పొర మీద నడిచే చోట ఘర్షణ తగ్గుతుంది. కానీ పొర సన్నబడి లోహపు కొనలు తగిలే సమయం పెరుగుతుంది. అంటే భౌతికశాస్త్రం వదిలేసిన భారం రసాయనశాస్త్రం మీద పడుతుంది. ఆ భారాన్ని 1940ల నుంచి మోస్తున్నది జింక్, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఒక మందు, పొట్టిపేరు జెడ్‌డీడీపీ. మొదట దాన్ని కలిపింది నూనె పాడవకుండా, బేరింగులు తుప్పు పట్టకుండా ఉండటానికి. అరుగుదల ఆపడం తర్వాత తెలిసిన లాభం. లోహం లోహాన్ని రాసే చోటనే, ఆ వేడికీ ఒత్తిడికీ విడిపోయి, గాజులాంటి ఫాస్ఫేటు పొరను 100 నానోమీటర్ల స్థాయి మందాన అంటిస్తుంది. అరిగితే మళ్లీ అక్కడే కట్టుకుంటుంది. ఇన్నేళ్లు వెతికినా అంత చవకగా అంత బాగా పనిచేసేది మరొకటి దొరకలేదు. చిక్కేమిటంటే ఇంజిన్‌లో కాలిన కాస్త నూనెతో పాటు ఫాస్ఫరస్ పొగగొట్టంలోకి పోయి, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. అందుకే పెట్రోలు కార్ల పలచటి నూనెలకు రాసుకున్న అంతర్జాతీయ ప్రమాణాల్లో ఫాస్ఫరస్‌కు రెండు హద్దులు పెట్టారు. 0.08 శాతం దాటకూడదు, కన్వర్టర్ బతకాలి. 0.06 శాతానికి తగ్గకూడదు, క్యామ్ బతకాలి. నూనె తయారుచేసేవాళ్లకు మిగిలిన చోటు ఆ రెండు అంకెల మధ్య ఉన్నదే.